అమ్మ విన్న నా గొంతు

మా వీధిలో ఎవరూ చదవరు, వింటారు. చదువు రాక కాదు. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు చేతులూ కాళ్ళూ పనిలో ఉంటాయి. రంగు అద్దే ముందు పోగులకు సైకిల్ ట్యూబు పట్టీలతో చిటికి ముళ్ళు కట్టేవాళ్ళకు కళ్ళు కూడా ఖాళీ ఉండవు. మిగిలేవి చెవులే. అందుకే పోచంపల్లిలో మా వైపు ఇళ్ళలో మగ్గం గుంట పక్కన గోడకు ఒక మేకు ఉంటుంది, దానికి గుడ్డసంచీలో ఒక ఫోను వేలాడుతుంటుంది. ఒకప్పుడు అదే మేకుకు రేడియో ఉండేదని నాయిన చెప్తాడు. వాట్సాప్‌లో ఎవరైనా రాసి పంపితే అది అట్లాగే పడి ఉంటుంది. మాట్లాడి పంపితే మాత్రం వీధంతా తిరుగుతుంది. పెళ్ళి కబురైనా, పట్టు ధర పెరిగిందన్న కబురైనా, ఎవరికో కాలు విరిగిందన్న కబురైనా మాకు గొంతుగానే వస్తుంది.

మా ఎదురింటి తాతకు చెవులు కొంచెం మందం. ఆయన ఫోను ఎప్పుడూ నిండు సౌండుతో మోగుతుంది. కాబట్టి ఆయనకు వచ్చిన కబురు మాకూ వచ్చినట్టే.

మా అమ్మ ఆసు పోస్తుంది. ఆసు అంటే అర్ధచంద్రం ఆకారంలో మేకులు కొట్టిన చెక్క చట్రం. అడ్డం నేసే పేక పోగును మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అక్కడినుంచి మళ్ళీ మధ్యకు, చేయి ఆపకుండా తిప్పుతూ పోవాలి. ఒక చీరకు సరిపడా తిప్పేసరికి సగం పొద్దు పోతుంది. ఈ పనికి ఇప్పుడు మిషన్లు వచ్చాయి కదా అని బయటివాళ్ళు అడుగుతారు. వచ్చాయి. మా ఇంటిదాకా వచ్చేసరికి అమ్మ భుజం పోయింది.

భుజానికి అమ్మ చేసుకున్న వైద్యం నొప్పుల గోలి. కిరాణా కొట్లో చెంచాడు కారం అడిగినంత సులువుగా అడిగి తెచ్చుకునేది. అన్నం తిన్నాక కొందరు వక్క వేసుకుంటారు, మా అమ్మ గోలి వేసుకునేది. నా చిన్నతనమంతా వేసుకుంది. నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివిన రోజుల్లోనూ వేసుకుంది. చదువు అయిపోయి ఇంటికి వచ్చాక ఒకరోజు అమ్మ పాదం మీద నా వేలు ఆనింది. ఆనిన చోట గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్ పరీక్షలన్నీ చూసి, మా ముగ్గురిలో నన్నే చూస్తూ చెప్పాడు. "సగానికి పైగా దెబ్బతిన్నాయమ్మా కిడ్నీలు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలాకాలం డయాలసిస్ లేకుండా గడపొచ్చు. నొప్పుల గోలి ముట్టొద్దు. ఉప్పు తగ్గించండి. పప్పు, గుడ్డు, మాంసం నేను రాసిచ్చినంతే. నన్నడగకుండా ఏ పొడీ, ఏ కషాయమూ వద్దు."

వంట నా చేతికి తీసుకున్నాను. పొటాషియం తగ్గాలని కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసేదాన్ని. అమ్మ కంచం వైపు చూసి, "గిది కూరనా, కూరను కడిగిన నీళ్ళా" అనేది. అని తినేది.

నా గురించి కొంచెం చెప్పాలి. నేను మాట్లాడను. క్లాసులో హాజరు పిలిస్తే నా పక్కనమ్మాయి నా బదులు పలికేది. నలుగురున్న చోట నోరు తెరిస్తే మాట గొంతులోనే మడత పడిపోతుంది. ఇంటికి వచ్చి, అక్కడ అనాల్సినదంతా డైరీలో రాసుకుంటాను. లైబ్రరీ పుస్తకాలు, ఫోనులో దొరికే సైన్సు వ్యాసాలు, పక్కన డిక్షనరీ, ఇవే నా స్నేహాలు. అమ్మ జబ్బు తెలిసిన తర్వాత కిడ్నీల గురించి తప్ప ఇంకేమీ చదవలేకపోయాను.

అట్లా చదువుతుంటే క్లోతో అనే ప్రోటీన్ కనిపించింది. మన ఒంట్లో అది ఎక్కువగా తయారయ్యేది కిడ్నీల్లో. అది లేకుండా పుట్టిన ఎలుకలు పసివయసులోనే ముసలివైపోయాయట. రక్తనాళాలు గట్టిపడ్డాయి, ఎముకలు గుల్లబారాయి, చర్మం పలచబడింది, తొందరగా చచ్చిపోయాయి. అది ఎక్కువగా ఉండేలా చేసిన ఎలుకలు మామూలు వాటికంటే ఎక్కువకాలం బతికాయి. అందుకే దానికి పాత గ్రీకుల కథల్లో మనిషి ఆయుష్షు దారం వడికే ఒకావిడ పేరు పెట్టారు. ఒంట్లో ఫాస్ఫేట్ ఎక్కువైతే బయటికి పంపమని కిడ్నీలకు చెప్పడంలో దానికి పాత్ర ఉంది. కిడ్నీలు చెడిపోవడం మొదలైన కొత్తలోనే అది తగ్గుతుంది. తగ్గినకొద్దీ గుండెకూ ఎముకలకూ చేటు.

ఆ రాత చదివాక చాలాసేపు అమ్మనే చూస్తూ కూర్చున్నాను. అమ్మకు అరవై కూడా లేవు. కానీ మెట్టు ఎక్కేటప్పుడు అవ్వలాగా మోకాలి మీద చేయి పెట్టుకుంటుంది. వయసు ఇంత తొందరగా ఎట్లా వచ్చిందో నాకు అప్పుడు కొంచెం అర్థమైనట్టనిపించింది. అర్థమైనదాన్ని ఎవరికైనా చెప్పాలనిపించింది. నాకు అట్లా చెప్పుకునే మనిషి ఒక్కతే ఉండేది, అక్క.

అక్క మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళయి హైదరాబాద్‌లో ఉంటుంది. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది తనే, మొదటి కథల పుస్తకం తెచ్చి ఇచ్చిందీ తనే. నేను బెదరకుండా, నసగకుండా మాట్లాడేది తన ముందు మాత్రమే. ఆ మధ్య ఇంటింటికీ ఆరోగ్యం పొడులు అమ్మే ఒక కంపెనీలో చేరింది. పట్నంలో పిల్లల ఫీజులకు ఆసరా అవుతుందని చెప్పింది. దాని గురించి నేను పెద్దగా ఆలోచించలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం అక్క వచ్చింది. డాబా మీద రంగు అద్దిన పోగులు ఆరబెడుతున్నాం. నేను క్లోతో గురించి మొదలుపెట్టాను. ఎలుకలు ముసలివైపోయాయన్న దగ్గర అక్క చేతిలో పోగులు అట్లాగే ఆగిపోయాయి.

"ఆగు ఆగు. వయసు తగ్గించే ప్రోటీనా?"

"తగ్గించేది కాదక్కా. జల్ది ముసలోళ్ళం గాకుండ ఆపేది."

"మల్ల మొదటికెల్లి చెప్పు. ఫోన్ల పెట్టుకుంట. నాకు ఒక్కసారింటె యాదికుండదు."

"వద్దక్కా."

"ఎందుకే? నోట్ల ముత్యాలున్నయా, రాల్తయని భయమా? నా ఒక్కదానికే. బస్సుల పోయేటప్పుడు ఇనుకుంట పోత. చిన్నమ్మ బీమారి సంగతి నాకు గూడ ఎరుకుండాలె గదా."

చిన్నమ్మ అంటే మా అమ్మ. ఆ మాటతో ఒప్పుకున్నాను. ఆరేసిన ఎర్ర పోగుల మధ్య నిలబడి, అక్క ముఖం ఒక్కటే చూస్తూ చెప్పాను. క్లాసులో ఏనాడూ రాని గొంతు ఆరోజు వచ్చింది. "మనిషి ఒంట్ల క్లోతో అని ఒక ప్రోటీన్ ఉంటది. ఎక్కువ తయారయ్యేది కిడ్నీలల్లనే" అని మొదలుపెట్టాను. దారం వడికే ఆవిడ గురించి చెప్పేటప్పుడు, "మా అమ్మ ఆసు పోసినట్టు ఆమె మనకు ఆయుష్షు పోస్తదన్నట్టు" అన్నాను. ఆ పోలిక అప్పటికప్పుడు వచ్చింది. చెప్తుంటే నాకే నచ్చింది.

చివర ఇంకొన్ని మాటలు కూడా చెప్పాను. వాటిని ఇక్కడ రాసిపెట్టాలి. "కానీ అక్కా, దీన్ని మనుషులకిచ్చే మందు ఇంక రాలే. ప్రోటీన్ పొడి తాగితె వచ్చేది కాదిది. మనం తిన్న ప్రోటీన్ కడుపుల అరిగి ముక్కలు ముక్కలైతది. ఇది ఒంట్లనే తయారుగావాలె. అమ్మ అసొంటోళ్ళు ప్రోటీన్ ఎక్కువ తింటె, ఉన్న కిడ్నీలకే బరువు."

అక్క ఫోను ఆపి, "టీచరమ్మా, మంచిగ చెప్పినవ్" అని నా బుగ్గ గిల్లింది.

వానాకాలం వచ్చింది. పరీక్షలకు మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాం. క్రియాటినిన్ అంకె పెరిగింది. ఫాస్ఫరస్ కూడా పెరిగింది. డాక్టర్ కాగితం టేబుల్ మీద పెట్టి, "ఇంత తొందరగా పెరగకూడదే. ఏమైనా వాడుతున్నారా అమ్మా? గోలీలు? పొడులు?" అని అడిగాడు.

"ఏం లేదు సార్," అంది అమ్మ.

"నిజం చెప్పాలి."

అమ్మ తల వంచుకుంది. డాక్టర్ ముఖంలో అనుమానం చూసి నాకు కోపం వచ్చింది. మామూలుగా దవాఖానలో నేను నాయిన వెనకాల నిలబడతాను. ఆరోజు ముందుకు వచ్చాను. "నేనే వండుతాను సార్. మీరు రాసినట్టే కొలిచి పెడతాను. మా అమ్మ అబద్ధం చెప్పదు" అన్నాను. చెప్పేసరికి చెమట పట్టింది. నాయిన కిటికీ వైపు చూశాడు. అప్పుడు ఆ చూపు నాకు అర్థం కాలేదు.

తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను దారి పొడుగునా నా వంటను తవ్వుకున్నాను. పప్పు ఎక్కువైందా, పాలు ఎక్కువయ్యాయా, ఉడికించిన నీళ్ళు సరిగా వంచలేదా? ఆ మర్నాటి నుంచి అమ్మ కంచంలో ఉన్న కాస్త పప్పును ఇంకా తగ్గించాను. అమ్మ ఆకలితో లేచిపోతుంటే తెలిసి కూడా తగ్గించాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికంటే మింగుడు పడనిది అదే. ఒక్క మాట అంటే సరిపోయేది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున వాకిలి ఊడుస్తున్నాను. ఎదురింటి తాత మగ్గం అప్పుడే మొదలైంది. దాని వెంట ఫోను. ఎవరో అమ్మాయి మాట్లాడుతోంది. మాట స్పష్టంగా, తొట్రుపాటు లేకుండా ఉంది. ఎంత ధైర్యంగా మాట్లాడుతోందో అనుకున్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. "మా అమ్మ ఆసు పోసినట్టు" అన్న మాట వచ్చేదాకా ఆ గొంతు నాదని తెలియలేదు.

చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎలుకలు, ఎముకలు, గుండె అన్నీ వరసగా వచ్చాయి. ఇప్పుడు "కానీ అక్కా" వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆ చోట అక్క గొంతు వచ్చింది.

"ఇన్నరు గదా. బీఎస్సీ చదివిన పిల్ల చెప్పింది. గా ప్రోటీన్ గీ మన డబ్బల ఉన్నది. పొద్దుగాల ఒక చెంచ, మాపటికి ఒక చెంచ. వేరేటోళ్ళ ముచ్చటెందుకు, కిడ్నీల బీమారున్న మా చిన్నమ్మనే తాగుతాంది."

తాత కిటికీలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఏం బిడ్డా, నిన్ననే వచ్చింది నాకిది. నోరు లేని పిల్లవనుకున్న. గింత మాట్లాడతవా నువ్వు?"

నేను ఇంట్లోకి వచ్చాను. అమ్మ ఆసు ముందు కూర్చుని ఉంది. నాయిన మగ్గం గుంటలో ఉన్నాడు.

"అమ్మా, డబ్బ ఏడుంది?"

ఏ డబ్బా అని అమ్మ అడగలేదు. చేయి ఆపకుండానే గడ్డంతో పట్టు పెట్టె వైపు చూపించింది. నేయాల్సిన పట్టు పోగుల కట్టలను, లడీలను, గుడ్డలో చుట్టి దాచే పెట్టె అది. చేతులకు తడి ఉంటే దాన్ని ముట్టుకోనివ్వరు కాబట్టి నేను దాని జోలికి పోను. లడీల కింద రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకటి సగం అయిపోయింది. దాని మీద తెల్లజుట్టు దంపతులు పరుగెత్తుతున్న బొమ్మ ఉంది. వెనక చిన్న అక్షరాల్లో సోయా, పాలపొడి, ఏవో ఫాస్ఫేట్లు అని ఉంది. నేను కొలిచి తగ్గించిన పప్పంతా, అంతకంటే ఎక్కువగా, ఈ డబ్బాలోంచి తిరిగి వచ్చింది.

"ఎప్పటిసంది తాగుతున్నవ్?"

"ఎండకాలం సంది."

"నాకెందుకు చెప్పలే?"

అమ్మ చేయి ఇప్పుడు ఆగింది. "చెప్తె సిగ్గుపడి సస్తవని. నీ గొంతు ఊరంత తిరుగుతాందని తెలిస్తే ఇంట్లకెల్లి బయటికి గూడ రావని అక్కనే చెప్పింది. మేమిన్నట్టు గూడ నీకు తెల్వొద్దన్నది. నాకు గూడ నిజమే అనిపించింది."

"డాక్టర్ అడిగిండు గదా. ఆయన ముందు నేను నీ తరపున మాట్లాడిన."

"మాట్లాడినవ్. ఎంత మంచిగ మాట్లాడినవ్." అమ్మ ముఖంలో ఆ క్షణంలో కూడా ఒక మురిపెం ఉంది. "ఆయన పొడులు వద్దన్నది నొప్పుల పొడులను. గిది తిండే గదా."

"అమ్మా, అండ్ల గా ప్రోటీన్ లేదు. నేను చెప్పింది గది కాదు."

"మరి గా గొంతెవలిది?"

"గొంతు నాదే. చివర..."

మాట మడత పడిపోయింది. అమ్మ జాలిగా చూసింది. "సూడు, ఇప్పుడు నా మొఖం గూడ సూస్త లేవు. అండ్ల ఎంత గట్టిగ చెప్పినవ్. దేన్ని నమ్మాలె నేను?"

మగ్గం ఎప్పుడు ఆగిందో తెలియదు. గుంటలోంచి నాయిన, "డబ్బలు బస్టాండ్‌కాడికి పోయి తెచ్చింది నేనే" అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. వీధిలో నాకు తప్ప అందరికీ తెలుసు. నేను సిగ్గరినన్న సంగతినే గోడలా కట్టి, దాని వెనక ఇదంతా జరిపారు. నన్ను బాగా ఎరిగిన మనిషి కట్టిన గోడ కాబట్టి నాకు అనుమానం రాలేదు.

అక్కకు ఫోను చేశాను. ఏం అడగాలో ముందుగా కాగితం మీద రాసుకుని చేశాను. రాసుకున్నదాంట్లో ఒక్క మాటే నోట్లోంచి వచ్చింది.

"బస్సుల ఇంటనన్నవ్."

"బస్సుల్నే ఇన్ననే. పక్కన కూసున్నామె గూడ ఇన్నది. నాకు పంపవా అన్నది. గట్ల మొదలైంది." నవ్వింది. నేను నవ్వకపోయేసరికి గొంతు మార్చింది. "ఏందే, గింత దానికేనా? నీ పేరు చెప్పిన్నా? చెప్పలే గదా."

"చివర కోసినవక్కా."

"అంత పొడుగు ఎవలింటరు? పైనుంచి అంత మంచిగ చెప్పి, చివరకొచ్చి లేదు రాదు అంటివి. ఎవలికి పనికొస్తది గది?"

"అమ్మకు పెరిగింది."

"పొడితోనే పెరిగిందని ఎట్ల చెప్తవ్? నేను గూడ తాగుతున్న, మా అత్తకు గూడ ఇస్తున్న. చిన్నమ్మకు నేను చెడు కోర్తనా?"

అప్పుడు నాకు అర్థమైంది, అక్క ఆ డబ్బాను కొంత నమ్ముతోంది. పూర్తిగా మోసమైతే అసహ్యించుకోవడం సులువయ్యేది. కానీ నమ్మినదానికి కత్తిరించాల్సిన పని ఏముంది? ఆ మాట అడగలేకపోయాను. అక్కే మళ్ళీ అంది. "అందరు నీ గొంతు బాగున్నదంటున్రు. ఇరవై నాలుగేండ్లొచ్చినయ్, ఒక్కనాడన్న నలుగుట్ల మాట్లాడినవా? నన్ను తిట్టుడు కాదు, నాకు దండం పెట్టాలె నువ్వు."

ఫోను పెట్టేశాను. మొదట రికార్డు చేసింది అక్క ఫోనులో. నా "కానీ" నా దగ్గర లేదు, ఎక్కడా లేదు. డైరీలో రాసుకుంది ఉంది గానీ మా ఇంట్లో రాసినదాన్ని ఎవరు వింటారు?

రెండు పూటలు అమ్మ, నేను మాట్లాడుకోలేదు. పొడి తాగుతోందో లేదో కూడా అడగలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం అమ్మే పిలిచింది. మేకుకున్న సంచీలోంచి తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"గా దినం చెప్పినట్టు చెప్పు. అక్కకెట్ల చెప్పినవో గట్ల. నడుమ ఏం ఇడవకు."

అమ్మ ఆసు పోయడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడం కోసమే పోస్తోందని తెలుస్తూనే ఉంది. నేను రికార్డు నొక్కి, గోడ వైపు తిరిగి మొదలుపెట్టాను. "మనిషి ఒంట్ల క్లోతో అని ఒక ప్రోటీన్ ఉంటది." ఎలుకలు చెప్పాను, ఎముకలు చెప్పాను, ఆయుష్షు పోసే ఆవిడ గురించి చెప్పాను. గొంతు ఒకటి రెండుసార్లు తొట్రుపడింది. అయినా ఆపలేదు. "కానీ" దగ్గరికి వచ్చేసరికి వెనక అమ్మ చేయి కదిలే చప్పుడు ఆగిపోయింది. మిగతాదంతా ఆ నిశ్శబ్దంలో చెప్పాను.

అమ్మ ఫోనును మేకుకు తగిలించుకుని ఆ పూటంతా అదే విన్నది. అయిపోతే మళ్ళీ పెట్టుకుంది. సాయంత్రం అడిగింది.

"గీ మాట అప్పుడే చెప్పినవా?"

"చెప్పిన."

"గదే కోసిందా అక్క?"

"కోసింది."

అమ్మ లేచింది. పట్టు పెట్టె తెరిచి డబ్బాలు రెండూ తీసింది. రంగు అద్దడం అయిపోయాక పారబోయాల్సిన నీళ్ళు పెరట్లో గంగాళంలో ఉన్నాయి. పొడి అందులో కుమ్మరించింది. ఎర్రటి నీళ్ళ మీద ఉండలు ఉండలుగా తేలింది. కలవలేదు. కర్రతో కలిపి మోరీలో పోసింది. నాయిన గుమ్మంలో నిలబడి చూస్తూ, "కొత్త డబ్బ మూత గూడ తియ్యలేదింక" అన్నాడు. అమ్మ చూసిన చూపుకు మళ్ళీ మగ్గంలోకి దిగాడు.

తర్వాతిసారి దవాఖానలో అమ్మే అంతా చెప్పింది. డాక్టర్ తిట్టలేదు. నన్ను ఒకసారి చూసి, రాయడం మొదలుపెట్టాడు. ఆ చూపు తిట్టు కంటే ఎక్కువే. ఇప్పుడు అంకె పెరగడం ఆగింది. ఎండాకాలానికి ముందున్న చోటికి మాత్రం రాలేదు. అక్కడికీ ఇక్కడికీ మధ్య అమ్మ ఆయుష్షు ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు.

అక్క ఇప్పటికీ అమ్మకు ఫోను చేస్తుంది. అమ్మ మాట్లాడుతుంది. "ఆ బిడ్డా, తిన్న. పిల్లలు మంచిగున్నరా?" అంటుంది. పొడి మాట ఇద్దరూ ఎత్తరు. మొదట్లో ఆ మాటలు వింటే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగేశాను. "మా అక్క పిల్లనే. యాడ పారేస్త?" అంది అమ్మ. నేను మాత్రం అక్క ఫోను ఎత్తలేదు. నాకు మాట నేర్పిన మనిషి దగ్గర ఇప్పుడు నాకు మాట రాదు.

అక్క పొడులు అమ్మడానికి నడిపే వాట్సాప్ గ్రూపులో, అమ్మ ఫోనులో దొరికిన లింకుతో చేరి, నా కొత్త రికార్డు పెట్టాను. కాసేపటికి అది కనిపించలేదు. ఆ తర్వాత గ్రూపులో నేనూ లేను. అప్పుడు అమ్మ తన ఫోనులో ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ పంపింది. ఎదురింటి తాతకూ పంపింది. ఆయనకు చాలాకాలంగా షుగరు ఉంది.

అయినా నిన్న పొద్దున ఆయన ఇంట్లోంచి మళ్ళీ పాతదే వినిపించింది. ఆయుష్షు, ఎలుకలు, ఎముకలు, ఆ తర్వాత అక్క. చీపురు గోడకు ఆనించి వీధి దాటాను. ఆ ఇంటి గడప నేను ఒంటరిగా ఎప్పుడూ తొక్కలేదు. తాత మగ్గం మీద ఉన్నాడు. మేకుకు ఫోను, దాని కింద గూట్లో తెల్లజుట్టు దంపతుల డబ్బా ఉన్నాయి.

"రా బిడ్డా, నీ ముచ్చటనే ఇంటున్న."

"తాతా, అమ్మ ఇంకోటి పంపింది గదా. ఇన్నవా?"

"పెట్టిన. గిదే గదా. మనిషి ఒంట్ల, మనిషి ఒంట్ల అని. ఇన్నదే మల్లేమింటమని తీసేసిన."

రెండూ ఒకే మాటతో మొదలవుతాయి. అమ్మ అట్లాగే చెప్పమంది. నేనూ అట్లాగే చెప్పాను.

"తాతా, జర మగ్గం ఆపు."

ఆపాడు. నేను మేకు దగ్గరికి వెళ్ళి ఫోను ఆపేశాను. ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. చిన్నగా మొదలుపెట్టాను. తాత ముందుకు వంగాడు.

"ఏందో గొనుగుతున్నవ్ బిడ్డా. ఫోన్ల మంచిగ చెప్తివి గదా. గట్టిగ చెప్పు, నాకు ఇనరాదు."

తలుపు తెరిచే ఉంది. పక్కింటి మగ్గం చప్పుడు కూడా ఆగింది. మొదటి నుంచి చెప్పలేదు. అదంతా వాళ్ళు విన్నదే.

"కానీ తాతా," అన్నాను.

ఆయన చెవి వెనక చేయి పెట్టుకున్నాడు. ఇంకా గట్టిగా అన్నాను.